కుష్ఠు నిర్మూలనలో ఫౌండేషన్ గ్రాంట్లు

కుష్ఠువ్యాధిగ్రస్తులను కనిపెట్టి చికిత్స చేయుటకు, ఆ వ్యాధి మిగిల్చే అంగవైకల్యాన్ని, సామాజిక వెలివేతను తగ్గించుటకు దాతృసంస్థలు అందించిన ధనసహాయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగునాట ఇటువంటి సహాయం నూరేళ్ళకు పైగా సాగినది. హైదరాబాదు తూర్పు భాగాన ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలకు పొరుగున ఉన్న చర్లపల్లిలోని బ్లూ పీటర్ ప్రజారోగ్య పరిశోధన కేంద్రం అటువంటి సహాయంతో ఏర్పడినదే. దాతల ధనంతో మొదలైన అనేక పద్ధతులు తరువాత ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో భాగమైనవి. 2005లో భారతదేశం కుష్ఠు నిర్మూలన లక్ష్యాన్ని చేరుకున్నట్లు ప్రకటించిన తరువాత నిధులు, సిబ్బంది తగ్గినా కొత్త రోగులు మాత్రం ఏటా లక్ష వరకు బయటపడుతూనే ఉన్నారు. ఈ రెండు సంగతులనూ కలిపి చూసినప్పుడే ఈ గ్రాంట్ల చరిత్ర అర్థమవుతుంది.

గ్రాంటు స్వరూపం

ఫౌండేషన్ అనగా ఒక వ్యక్తి, కుటుంబం లేక వ్యాపారసంస్థ కేటాయించిన మూలధనం మీద, లేదా నిర్దేశిత ఆదాయం మీద నడిచే దాతృసంస్థ. ప్రజల నుండి చందాలు పోగుచేసి పంచే సంస్థలను కూడా వాడుకలో ఇదే కోవలో చేరుస్తారు. గ్రాంటును తిరిగి చెల్లించనక్కరలేదు గాని, దానికి షరతులు, గడువు, నివేదికలు ఉంటాయి. ఎక్కువ గ్రాంట్లు ఏదో ఒక ప్రాజెక్టుకు పరిమితమై ఉంటాయి. సంస్థ జీతభత్యాలకు, అద్దెకు, శిక్షణకు స్వేచ్ఛగా వాడుకోదగిన గ్రాంట్లు అరుదు. గడువు తీరిన నాడు ఆ పని ఎవరు చేస్తారన్న ప్రశ్నకు సమాధానం దొరికిన చోట గ్రాంటు ఫలితం నిలిచినది, దొరకని చోట భవనాలు మిగిలినవి.

కుష్ఠు విషయంలో ఈ ప్రశ్న మరింత జటిలమైనది. మైకోబాక్టీరియం లెప్రే అనే సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించిన తరువాత లక్షణాలు కనిపించుటకు సగటున ఐదేళ్ళు, ఒక్కొక్కప్పుడు ఇరవై ఏళ్ళు కూడా పట్టవచ్చును. ఈనాటి పని ఫలితం పదేళ్ళ తరువాత గాని లెక్కకు రాదు.

తొలినాళ్ళు

నిజాం రాజ్యంలో కుష్ఠురోగుల కొరకు పనిచేసిన తొలి కేంద్రాలలో నిజామాబాదు సమీపంలోని డిచ్‌పల్లి ఆసుపత్రి ముఖ్యమైనది. వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ దీనిని 1910ల దశకంలో అభివృద్ధి చేసినది. ఇందుకు పెద్ద మొత్తం ఇచ్చిన దాత స్థానికుడైన రాజా నర్సాగౌడ్. మిషనరీల పనికి స్థానికుని ధనం తోడైన ఈ ఏర్పాటు, విదేశీ గ్రాంట్ల గురించి మాత్రమే మాట్లాడేవారు తరచుగా మరచిపోయే సంగతి. ఆ రోజులలో ఉన్న మందు చాల్‌మూగ్రా నూనె. దాని ఇంజెక్షను మిక్కిలి బాధాకరమైనది, ఫలితం అంతంతమాత్రం.

1924లో లండనులో బ్రిటిష్ ఎంపైర్ లెప్రసీ రిలీఫ్ అసోసియేషన్ ఏర్పడినది. ఇదే 1964లో లెప్రా అని పేరు మార్చుకొన్నది. దాని భారతీయ శాఖ స్వాతంత్ర్యం తరువాత హింద్ కుష్ఠ నివారణ సంఘంగా మారినది.

స్వతంత్ర భారతంలో కుష్ఠు పనికి అసలైన మలుపు గాంధీ స్మారక నిధి నుండి వచ్చినది. 1951లో వార్ధాలో గాంధీ మెమోరియల్ లెప్రసీ ఫౌండేషన్ ఏర్పడినది. డాక్టర్ ఆర్.వి. వార్దేకర్ నాయకత్వంలో అది ఆసుపత్రి కట్టుటకు బదులు ఊరూరా తిరిగి అందరినీ పరీక్షించడం, జనానికి వ్యాధి గురించి చెప్పడం, ఇంటి దగ్గరే మందు ఇవ్వడం అనే మూడు పనులను ఒకటిగా కలిపినది. సర్వే, విద్య, చికిత్స అని పిలువబడిన ఈ పద్ధతిని 1955లో మొదలైన జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం స్వీకరించినది. ఉత్తరాంధ్రలోని చిలకలపల్లిలో కూడా ఈ ఫౌండేషన్ కేంద్రం పనిచేసినది. అదే 1955లో మద్రాసు రాష్ట్రంలోని పోలంబాక్కంలో డాక్టర్ ఫ్రాన్స్ హెమెరిక్స్, డాక్టర్ క్లేర్ వెల్యుట్ మొదలైనవారున్న బెల్జియం బృందం చెట్ల క్రింద వైద్యశాలలు నడిపినది. రోగిని ఊరి బయటకు పంపివేయక, వైద్యుడే ఊరికి వెళ్ళడం దీని ప్రత్యేకత. ఈ పనికి కొనసాగింపుగా డేమియన్ ఫౌండేషన్ నెల్లూరులో కూడా కేంద్రాన్ని నడిపినది.

బహుళ ఔషధ చికిత్స

1940ల నుండి వాడుకలో ఉన్న డాప్సోన్ మాత్రను రోగి ఏళ్ళ తరబడి, కొందరైతే జీవితాంతం వాడవలసి వచ్చేది. 1970ల నాటికి ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు విస్తారంగా కనిపించసాగినవి. ఈ స్థితిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సమావేశపరచిన నిపుణుల బృందం రిఫాంపిసిన్, క్లొఫాజిమిన్, డాప్సోన్ అనే మూడు మందులను కలిపి ఇవ్వాలని సూచించినది. తక్కువ మచ్చలున్నవారికి ఆరు నెలలు, ఎక్కువ మచ్చలున్నవారికి మొదట రెండేళ్ళు చికిత్స నిర్ణయించబడినది. భారతదేశం 1983లో తన కార్యక్రమం పేరును జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమంగా మార్చి, జిల్లాల వారీగా ఈ చికిత్సను ప్రవేశపెట్టినది. ఆనాడు వ్యాధి తీవ్రంగా ఉండిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు తొలిదశలోనే ఇందులో చేరినవి.

మందు ఉన్నది, దాని పనితనం రుజువైనది, కాని కొనుటకు ధనం చాలలేదు. రిఫాంపిసిన్ ఆ రోజులలో ఖరీదైన మందు. 1991లో ప్రపంచ ఆరోగ్య సభ, 2000 సంవత్సరం నాటికి కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని తీర్మానించినది. 1994లో హనోయ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో జపానుకు చెందిన నిప్పాన్ ఫౌండేషన్ ఐదేళ్ళపాటు ఏటా కోటి డాలర్ల చొప్పున మొత్తం 5 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించినది. ఆ ధనంతో 1995 నుండి 1999 వరకు ప్రపంచంలోని అవసరమైన దేశాలన్నిటికీ ఈ మందులు ఉచితంగా అందినవి. 2000 నుండి నోవార్టిస్ సంస్థ ఆ బాధ్యతను చేపట్టి మందులనే విరాళంగా ఇస్తూ వచ్చినది. నిప్పాన్ ఫౌండేషన్ ఆదాయం జపానులో మోటారు పడవల పందేల మీద వచ్చే సొమ్ములో చట్టప్రకారం కేటాయించిన వాటా. పందెం డబ్బు లక్షలాది రోగుల మందుగా మారడం దాతృత్వ చరిత్రలోని విచిత్రాలలో ఒకటి. ఆ సంస్థకు అధ్యక్షుడుగా పనిచేసిన యోహెయి ససకావాకు 2018 సంవత్సరపు గాంధీ శాంతి బహుమతి ప్రకటించబడినది.

ఈ గ్రాంటు ఫలించుటకు గల కారణం స్పష్టమైనది. అది మందుకు మాత్రమే ధనమిచ్చినది. మందును రోగి చేతికి చేర్చే పారామెడికల్ కార్యకర్తలు, సూపర్వైజర్లు, జిల్లా కుష్ఠు అధికారులు అప్పటికే ప్రభుత్వ జీతం మీద ఉన్నారు. 28 రోజుల మాత్రలను ఒకే అట్టలో అమర్చి ఇవ్వడం వలన చదువురాని రోగి కూడా ఏ రోజు ఏ మాత్ర వేసుకోవాలో తెలుసుకోగలిగాడు. నెల మొదటి మోతాదు మాత్రం ఆరోగ్య కార్యకర్త ఎదుటనే మింగాలి.

చర్లపల్లి కేంద్రం

1989లో హైదరాబాదు కేంద్రంగా లెప్రా సొసైటీ ఒక భారతీయ సంఘంగా ఏర్పడినది. ఇదే లెప్రా ఇండియాగా ప్రసిద్ధి చెందినది. లెప్రా మూలధనం గల ఫౌండేషన్ కాదు. బ్రిటనులో సామాన్య ప్రజల చందాల మీద ఆధారపడిన సంస్థ. 1990ల మధ్యకాలంలో బి.బి.సి. పిల్లల కార్యక్రమమైన బ్లూ పీటర్, కుష్ఠురోగుల కొరకు విరాళాలకు పిలుపునిచ్చినది. బ్రిటిష్ పిల్లలు తమ ఇళ్ళలోని పాత బొమ్మలు, పుస్తకాలు తెచ్చి అమ్మకాలు పెట్టి ధనం పోగుచేశారు. ఆ కృతజ్ఞతతోనే చర్లపల్లి కేంద్రానికి బ్లూ పీటర్ అనే పేరు వచ్చినది. కేంద్రం పేరు విన్నవారు అది ఎవరో పరిశోధకుని పేరని భావించడం కద్దు. నిజానికది ఓడ రేవు విడిచే ముందు ఎగురవేసే నీలి జెండా పేరు.

నాచారం, మల్లాపూర్ దాటిన తరువాత వచ్చే చర్లపల్లి కూడా కర్మాగారాల ప్రాంతమే. ఇక్కడి ప్రయోగశాలలో కుష్ఠు, క్షయ వ్యాధుల సూక్ష్మజీవుల మీద, మందులకు లొంగని తత్వం మీద, రోగనిరోధక శక్తి మీద పరిశోధనలు జరిగినవి. కుష్ఠు సూక్ష్మజీవిని ఇప్పటికీ ప్రయోగశాల మాధ్యమంలో పెంచడం సాధ్యం కాలేదు. అందువలన రోగులతో నేరుగా సంబంధమున్న ప్రయోగశాలకు విలువ ఎక్కువ. కుష్ఠురోగులు తగ్గినకొలది సంస్థ క్షయ, హెచ్.ఐ.వి., బోదకాలు, కంటి జబ్బుల వైపు కూడా పనిని విస్తరించినది. దీనిని కొందరు విస్తరణ అంటారు, కొందరు గ్రాంట్ల వెంట పోవడం అంటారు. అయితే స్పర్శ కోల్పోయిన పాదానికి, బోదకాలుకు అవసరమైన రోజువారీ సంరక్షణ చాలవరకు ఒకటే కాబట్టి, ఒకే కార్యకర్తకు రెండూ నేర్పడంలో అర్థమున్నది.

నిర్మూలన అను మాట

2005 డిసెంబరులో భారతదేశంలో ప్రతి పదివేల జనాభాకు 0.95 మంది కుష్ఠురోగులున్నట్లు లెక్క తేలినది. 1980ల ఆరంభంలో ఈ సంఖ్య 50కి పైన ఉండేది. పదివేలకు ఒకరికన్న తక్కువ కావడం వలన, ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు తొలగిపోయినట్లు 2006 జనవరిలో ప్రకటన వెలువడినది. ఇది గొప్ప విజయమే. లక్షల మందికి చేతివేళ్ళు, కాళ్ళు, కళ్ళు దక్కినవి.

కాని ఇక్కడ మాట వలన చిక్కు వచ్చినది. వైద్యశాస్త్రంలో ఒక వ్యాధి పూర్తిగా లేకుండా పోవడం వేరు (మశూచి విషయంలో జరిగినది ఇదే), ఒక నిర్ణీత సంఖ్య క్రిందికి తగ్గడం వేరు. తెలుగులో రెంటికీ నిర్మూలన అనే వాడుతున్నాము. పత్రికలలో కుష్ఠు నిర్మూలన పూర్తి అయినదన్న వార్త చదివిన పాఠకుడు, ఇక ఆ వ్యాధి లేదనే అర్థం చేసుకున్నాడు. దాతలు, అధికారులు కూడా చాలావరకు అలాగే అర్థం చేసుకున్నారు.

లెక్కించే పద్ధతిలో మరొక సూక్ష్మం ఉన్నది. పదివేలకు ఎందరు అనే ఈ సంఖ్య ఆ రోజున మందు వాడుతున్నవారిని మాత్రమే లెక్కిస్తుంది. ఒక ఊరిలో ఏటా 100 మంది కొత్త రోగులు బయటపడుతున్నారనుకుందాం. అందరికీ చికిత్స రెండేళ్ళయితే ఏ రోజు చూసినా పట్టికలో దాదాపు 200 మంది ఉంటారు. చికిత్సను ఒక ఏడాదికి తగ్గిస్తే 100 మందే ఉంటారు. వ్యాధి వ్యాప్తి ఏమాత్రం తగ్గకుండానే సంఖ్య సగమైనది. ఎక్కువ మచ్చలున్నవారి చికిత్సకాలాన్ని 1998లో నిజంగానే 24 నెలల నుండి 12 నెలలకు తగ్గించారు. రోగికి అది మేలే చేసినది. మందు మధ్యలో మానేవారు తగ్గారు. అయితే 2005 నాటి సంఖ్యను చదివేటప్పుడు ఈ మార్పును మరువరాదు. చికిత్స ముగిసినా వైకల్యంతో జీవిస్తున్నవారు ఆ లెక్కలో అసలే లేరు.

ఈ ప్రకటనకు కొంచెం ముందుగా, 2000ల తొలి సంవత్సరాలలో, కుష్ఠు చికిత్సను ప్రత్యేక సిబ్బంది నుండి తొలగించి సాధారణ ఆరోగ్య సేవలలో విలీనం చేశారు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు దొరకడం, రోగి మీద ప్రత్యేక ముద్ర లేకుండా పోవడం దీని వలన కలిగిన లాభాలు. నష్టం అనుభవానికి సంబంధించినది. స్పర్శ లేని మచ్చను చూడగానే గుర్తుపట్టే, నరం వాపును వేళ్ళతో తడిమి తెలుసుకునే కార్యకర్తలు పదవీ విరమణ చేస్తూ పోయారు. వారి స్థానంలో అదే నేర్పుతో కొత్తవారు తయారు కాలేదు. ఇంటింటి సర్వే కూడా వెనుకబడినది. వెదకనందున దొరకలేదా, లేనందున దొరకలేదా అన్న సందేహానికి 2016లో జవాబు వచ్చినది. ఆ ఏడు ప్రత్యేక శోధన ఉద్యమం చేపట్టగా, 2016-17లో దేశంలో 1,35,485 మంది కొత్త రోగులు నమోదైనారు. కోవిడ్ కాలంలో ఈ సంఖ్య బాగా పడిపోయినా 2022లో మళ్ళీ 1,03,819కి చేరినది. ప్రపంచంలో ఆ ఏడాది నమోదైన కొత్త రోగులలో ఇది సగానికి మించినది.

ఉప్పల్, నాచారం ప్రాంతాలు

1970, 80లలో ఉప్పల్, నాచారం పరిసరాలు హైదరాబాదు నగరానికి వెలుపల, రంగారెడ్డి జిల్లాలో పెరిగిన పారిశ్రామిక వాడలు. 2007లో ఉప్పల్ కలాన్, కాప్రా పురపాలక సంఘాలు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసినవి. 2016 నుండి ఈ ప్రాంతం మేడ్చల్ - మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్నది. భీమా ఉన్న కార్మికులకు నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషను క్రింద పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 2018 నుండి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చినవి.

ఇటువంటి వాడలలో కుష్ఠు పనికి పల్లెలలో లేని ఇబ్బందులున్నవి. ఒడిషా, బీహారు, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు గదికి నలుగురు, ఆరుగురు చొప్పున అద్దెకుండి, పని మారినప్పుడల్లా చోటు మారుస్తుంటారు. ఆ రాష్ట్రాలలో వ్యాధి ఇప్పటికీ ఎక్కువ. మచ్చ నొప్పి పెట్టదు, దురద ఉండదు. కూలి పోగొట్టుకొని దాని కోసం ఆసుపత్రికి వెళ్ళడమెందుకని వాయిదా వేస్తారు. మందు ప్రారంభించినవారు ఆరు లేక పన్నెండు నెలలు ఒకే చోట ఉంటారన్న నమ్మకం లేదు. వేడి యంత్రాల దగ్గర, పదునైన రేకుల మధ్య పనిచేసేవానికి అరచేతి స్పర్శ పోతే, కాలినా తెగినా తెలియక పుండ్లు పడి వేళ్ళు పోతాయి. వేళ్ళు పోవుటకు కారణం సూక్ష్మజీవి తినివేయడం కాదు, ఈ తెలియకపోవడమే.

ఇంటింటికి తిరిగే ఆశా కార్యకర్తకు జాతీయ కార్యక్రమం క్రింద కొత్త రోగిని కనిపెట్టినందుకు 250 రూపాయలు, చికిత్స పూర్తి చేయించినందుకు వ్యాధి రకాన్ని బట్టి 400 లేక 600 రూపాయలు ప్రోత్సాహకంగా నిర్ణయించబడినవి. ఏడాది పాటు ఒక వలస కార్మికుని వెంట తిరుగుటకు ఈ మొత్తం ఎంత చిన్నదో చెప్పనక్కరలేదు. గ్రాంటు మీద నడిచే సంస్థలు సాధారణంగా పూరించేది ఈ ఖాళీనే: శిక్షణ, నిర్ధారణ సందేహమున్న రోగిని చూసే నిపుణుడు, నరాల వాపుకు స్టెరాయిడ్ చికిత్స పర్యవేక్షణ, స్పర్శ లేని పాదాలకు మెత్తని రబ్బరు అట్టతో చేసే ఎం.సి.ఆర్. చెప్పులు.

ప్రజలలో పెద్దరోగం అనే పేరు, దాని భయం ఇంకా పోలేదు. బొల్లిని తెల్ల కుష్ఠు అనడం వలన కూడా అయోమయం పెరుగుతున్నది. బొల్లి అంటువ్యాధి కాదు, దానికి కుష్ఠుతో సంబంధం లేదు. బొల్లి మచ్చ మీద దూదితో తాకితే స్పర్శ తెలుస్తుంది. కుష్ఠు మచ్చ మీద సాధారణంగా తెలియదు. చికిత్స మొదలైన కొద్దికాలానికే కుష్ఠురోగి నుండి ఇతరులకు వ్యాధి సోకడం ఆగిపోతుంది.

చట్టాలలో మార్పు

మందు నయం చేయలేని భాగం చట్టాలలో ఉండినది. రోగులను బంధించి ఉంచుటకు వీలు కల్పించిన 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో గాని రద్దు కాలేదు. జీవిత భాగస్వామికి కుష్ఠు ఉండటం విడాకులకు కారణంగా చెల్లుబాటు అయ్యే నిబంధనలను వ్యక్తిగత చట్టాల సవరణ చట్టం, 2019 తొలగించినది. అనగా పూర్తిగా నయమయ్యే జబ్బు అయిన తరువాత కూడా దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ నిబంధన కొనసాగినది. లా కమిషన్ 2015లో తన 256వ నివేదికలోను, సుప్రీం కోర్టు 2018లో పంకజ్ సిన్హా కేసులోను ఈ వివక్షను తొలగించవలసినదిగా సూచించినవి. కుష్ఠు నయమైనవారి సంఘాలు, వాటికి తోడ్పడిన స్వచ్ఛంద సంస్థలు ఇందుకై చాలాకాలం శ్రమించినవి. ఎందరికి మందు ఇచ్చారని లెక్క అడిగే గ్రాంటులో, చట్టం మార్చుటకు పట్టిన ఏళ్ళను చూపించే గడి ఉండదు.

నిధుల నియమాలు

విదేశీ విరాళాలను 1976 నాటి చట్టం, దాని స్థానంలో 2010లో వచ్చిన చట్టం నియంత్రిస్తున్నవి. 2020 సవరణ వలన విదేశీ విరాళం పొందిన సంస్థ దానిని మరొక సంస్థకు బదలాయించరాదు. పరిపాలనా వ్యయం పరిమితి 50 శాతం నుండి 20 శాతానికి తగ్గినది. పెద్ద సంస్థ నిధులు తెచ్చి పల్లెలలోని చిన్న సంఘాలకు పంచే పాత పద్ధతి దీనితో ఆగిపోయినది.

మరొక ప్రక్క కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షను, నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు తమ మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలని నిర్దేశించినది. ఇది 2014 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చినది. ఆరోగ్య పరిరక్షణ ఆ జాబితాలో ఉన్నది. అయితే 2021 నిబంధనల ప్రకారం బహుళ సంవత్సర ప్రాజెక్టు కూడా, మొదలైన సంవత్సరాన్ని మినహాయించి, మూడేళ్ళలో ముగియాలి. మూడేళ్ళలో ఒక పరీక్షాయంత్రం కొనవచ్చును, భవనం కట్టవచ్చును. సోకిన ఐదేళ్ళకు బయటపడే వ్యాధి తగ్గినదో లేదో ఆ వ్యవధిలో తెలియదు.

నివారణ మోతాదు

ఇటీవలి మార్పులలో ముఖ్యమైనది రోగితో సన్నిహితంగా మెలిగేవారికి ఒకే ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చే పద్ధతి. నోవార్టిస్ ఫౌండేషన్ సహాయంతో 2010ల మధ్యలో భారతదేశంతో సహా పలు దేశాలలో దీనిని ప్రయోగాత్మకంగా అమలు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలలో దీనిని సిఫారసు చేసినది. భారత జాతీయ కార్యక్రమం కూడా స్వీకరించినది. 2027 నాటికి వ్యాధి వ్యాప్తిని పూర్తిగా ఆపాలన్నది 2023-27 జాతీయ ప్రణాళిక లక్ష్యం. ఈ మోతాదు ఖర్చు స్వల్పం. ఇచ్చే ముందు ఆ వ్యక్తికి కుష్ఠు, క్షయ లక్షణాలు లేవని పరీక్షించాలి, అంతకు ముందు రోగి ఎవరెవరితో కలిసి ఉన్నాడో తెలుసుకోవాలి. ఉప్పల్ వంటి చోట అది అద్దె గదిలోని ఆరుగురినీ, ఒక్కొక్కప్పుడు వారు వదలి వచ్చిన ఊరినీ వెదకడమే.